లెక్క సరిపోయింది, ఫోటోలు మారిపోయాయి

శ్రీకాకుళంలో మాది చిన్న ఆల్బమ్ డిజైనింగ్ షాపు. ఇద్దరు మనుషులం, రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్. చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లు కెమెరా మెమరీ కార్డులు తెచ్చి ఇస్తే కలర్ సరిచేసి, 12×36 షీట్లు కట్టి, ప్రింటుకి వైజాగ్ ల్యాబ్‌కి పంపుతాం. పెళ్ళిళ్ళ సీజన్‌లో మా నిద్ర చెడగొట్టేది డిజైనింగ్ కాదు, సెలక్షన్.

సెలక్షన్ అంటే ఇదీ. ఒక పెళ్ళికి ఐదారు వేల ఫోటోలు వస్తాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్ళివారికి ఇస్తాం. వాళ్ళు టీవీకి పెట్టుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని, నచ్చినవాటి నంబర్లు నోటుబుక్కులో రాస్తారు. ఆ పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. మా కుర్రాడు ఒక్కొక్క నంబరూ వెతికి, కాపీ కొట్టి, సెలక్షన్ అనే ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తాడు. మూడొందల ఫోటోలకి ఒక పూట పోతుంది. "అన్నా, కళ్ళు మంటలెత్తిపోతన్నాయి, ఇంకేటైనా దారి సూడు" అని వాడు ఎప్పటినుంచో పోరుతున్నాడు.

ఇంజనీరింగ్ చదివే మేనల్లుడి పక్కన కూర్చుని నెల రోజులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష దిద్దుకున్నాను. తర్వాత ముప్ఫై లైన్ల స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి పని చెప్పే చిన్న ప్రోగ్రాము, ఒకటి రాశాను. నంబర్ల లిస్టు చదువుతుంది, కెమెరా ఫోల్డర్లన్నీ తిరుగుతుంది, ఫైల్ పేరులో ఆ నంబరు కనిపిస్తే దాన్ని సెలక్షన్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. అంతే. ఆ అంతేలోనే మొత్తం కథ ఉంది.

మొదట పలాసలో జరిగిన ఒక పెళ్ళి ఫోటోల మీద నడిపాను. చక్కగా పనిచేసింది. ఆ ఊపులో టెక్కలి పెళ్ళికి పెడితే ఒక్క ఫోటో కూడా దొరకలేదంది. మేం ఫోల్డర్లకి ఊళ్ళ పేర్లు పెట్టుకుంటాం, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. స్క్రిప్టులో ఆ ఫోల్డర్‌కి దారి ఇలా రాశాను: డీ డ్రైవ్, తర్వాత వెనక్కి వాలిన గీత (\), తర్వాత ఊరి పేరు. పైథాన్‌లో కోట్స్ మధ్య ఆ గీత పక్కన కొన్ని అక్షరాలు వస్తే అది వాటిని అక్షరాలుగా చదవదు. టీ వస్తే ట్యాబ్, ఎన్ వస్తే కొత్త లైను, ఆర్ వస్తే లైను మొదటికి వెళ్ళడం, బీ వస్తే బ్యాక్‌స్పేస్, వీ వస్తే నిలువు ట్యాబ్, ఏ వస్తే గంట. అంటే టెక్కలి, నరసన్నపేట, రాజాం, బొబ్బిలి, విజయనగరం, ఆమదాలవలస పెళ్ళిళ్ళకి నా స్క్రిప్టు పనికిరాదు. పలాస, పొందూరు, ఇచ్ఛాపురం, కొత్తూరు వాళ్ళకి పనిచేస్తుంది. రెండు జిల్లాల మ్యాపు ముందేసుకుని ఏ ఊరు పడుతుందో ఏ ఊరు పడదో చూసుకుని నవ్వుకున్నాం. కోట్స్‌కి ముందు ఒక చిన్న ఆర్ అక్షరం చేర్చితే తీరిపోయే జబ్బు అది. వెనక్కి వాలిన గీత బదులు ముందుకు వాలిన గీత పెట్టినా విండోస్‌లో నడుస్తుంది.

ఇంకొకటి అచ్చంగా మన భాషలోది. లోపలి ఫోల్డర్‌కి నేను తెలుగులో పెళ్ళి అని పేరు పెట్టాను. కుర్రాడు స్క్రిప్టులో పెళ్లి అని టైపు చేశాడు. ళ కింద ళ వత్తా, ల వత్తా అన్న తేడా మన కంటికి ఆనదు, ఇద్దరం రెండూ రాస్తాం. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరు వేరు మాటలు. ఫోల్డర్ లేదని అది మొత్తుకుంటుంది, ఎదురుగా కనపడుతోందిగా అని మేం మొత్తుకుంటాం. గంట పట్టింది. ఆ రోజు నుంచి మా ఫోల్డర్ల పేర్లలో తెలుగు మానేశాం. బాధగానే ఉంది కానీ మానేశాం.

ఇక టెక్కలి పెళ్ళికి వద్దాం. మూడు కెమెరాలు. ట్రెడిషనల్, అంటే వరసగా నిలబెట్టి తీసే ఫోటోలు తీసిన ఆయనది కేనన్, దాన్ని 'ఏ' అనుకుందాం. క్యాండిడ్, అంటే చెప్పకుండా సహజంగా తీసే ఫోటోలు తీసిన అబ్బాయిదీ కేననే, అది 'బీ'. ఇంకో కుర్రాడి నికాన్ 'సీ'. 'ఏ'లో 2,140 ఫోటోలు, బీలో 2,615, సీలో 893. మొత్తం 5,648. పెళ్ళివారి దగ్గర నుంచి 314 నంబర్ల లిస్టు వచ్చింది. వాటిలో నాలుగు నంబర్లు రెండేసిసార్లు ఉన్నాయి. "పొరపాటున రెండుసార్లు రాసేసినట్టున్నారన్నా" అని కుర్రాడు ఒక్కోదాన్ని కొట్టేశాడు. 310 మిగిలాయి. నేనూ సరే అన్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదటిసారి నడపగానే ఒక తప్పు దొరికింది. పెళ్ళివారు 0451 అని రాయరు కదా, ముందున్న సున్నా వదిలేసి 451 అని రాస్తారు. నా స్క్రిప్టు పేరులో 451 ఎక్కడ కనిపించినా పట్టుకొస్తోంది. ఒక్క 451 కోసం స్క్రీన్ మీద ఏడు కాపీ లైన్లు వచ్చాయి. ఫోల్డర్ తెరిస్తే 0451, 3451, 7451, 8451, 9451 ఉన్నాయి. నంబరుకి ముందు సున్నాలు చేర్చి నాలుగంకెలు చేసి, ఆ నాలుగంకెలూ అచ్చంగా సరిపోతేనే తీసుకొమ్మని మార్చాను. పైథాన్‌లో దానికి జడ్‌ఫిల్ అని ఒక్క మాట ఉంది. బాగైపోయింది అనుకున్నాను.

స్క్రీన్ మీద ఏడు లైన్లు, ఫోల్డర్‌లో ఐదు ఫైళ్ళు. మిగతా రెండూ ఏమయ్యాయి? ఆ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

సరిచేసిన స్క్రిప్టు రాత్రి పదిన్నరకి నడిపాను. లైన్లు గబగబా పరిగెత్తాయి, చివర 428 కాపీ అయ్యాయని రాసింది. ఆ అంకెని నేను చూడలేదు. ఫోల్డర్ మీద కుడి క్లిక్కు కొట్టి ప్రాపర్టీస్ చూశాను. 310 ఫైళ్ళు. లిస్టులో 310. ఒక పూట పని రెండు నిమిషాల్లో అయిపోయింది. కుర్రాడికి టీ తాగించాను.

వారం తర్వాత షీట్లు కట్టి సాఫ్ట్ కాపీ పంపాం. రెండో రోజు పెళ్ళికూతురి తండ్రి ఫోన్ చేశారు. "ఏటి బాబూ, మా అమ్మ అచ్చింతలేసిన ఫోటో పెట్టమన్నాం కదా. దాని బదులు వంటోళ్ళ ఫోటో పెట్టారేటి?"

వెళ్ళి చూస్తే నిజమే. లిస్టులో 8917 అని ఉంది. మా సెలక్షన్‌లో 8917 తెరిస్తే గాడిపొయ్యి మీద పెద్ద డేగిసాలో దప్పళం కలుపుతున్న మనిషి, చుట్టూ పొగ. దాన్ని మేం ఏకంగా సగం షీటుకి పెద్దది చేసి పెట్టాం కూడా. క్యాండిడ్ వాళ్ళకి పొగంటే ప్రాణం, పెళ్ళివారికీ నచ్చిందేమో అనుకున్నాం. తప్పుడు ఫోటో వచ్చినప్పుడు మనసు దానికి తగ్గ కారణం ఎంత తొందరగా కల్పించుకుంటుందో ఆ రోజు చూశాను. షీట్లు కట్టేటప్పుడు ఖాళీ కుర్చీలు, ఎవరిదో వీపు, ఊరేగింపు కారు టైరు కూడా వచ్చాయి. ఒక్కదాని దగ్గర కూడా చెయ్యి ఆగలేదు.

విషయం ఏమిటంటే, కెమెరాలు ఫైళ్ళకి పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. 1998లో జపాన్‌లో రాసుకున్న డీసీఎఫ్ అనే నియమం. పేరుకి ఎనిమిదే గళ్ళు. మొదటి నాలుగూ అక్షరాలు, చివరి నాలుగూ అంకెలు, 0001 నుంచి 9999 వరకు. 9999 దాటితే మళ్ళీ 0001. కేనన్‌లో మామూలుగా ఆ నాలుగు అక్షరాలు ఐఎంజీ, ఒక కింది గీత. నికాన్‌లో డీఎస్‌సీ, ఒక కింది గీత. కాబట్టి ఒకే కంపెనీ కెమెరాలు రెండు పెళ్ళికి వస్తే రెండింట్లోనూ అచ్చుగుద్దినట్టు అదే పేరుతో ఫోటోలు ఉండొచ్చు. మన కేసులో 'ఏ' కెమెరా 8412 దగ్గర మొదలై, 9999 దాటి, మళ్ళీ 0001 నుంచి 0552 వరకు వచ్చింది. బీ కెమెరా 7020 నుంచి 9634 వరకు. 8412కీ 9634కీ మధ్య ఉన్న 1,223 పేర్లు రెండు ఫోల్డర్లలోనూ ఉన్నాయి. 8917 అంటే 'ఏ'లో బామ్మగారు, 'బీ'లో వంటమనిషి.

చేత్తో పేస్ట్ చేసినప్పుడు ఇది ఎందుకు జరగలేదు? అదే పేరుతో రెండో ఫైల్ వేయబోతే విండోస్ ఆపి అడుగుతుంది, పాతది తీసేయనా, వదిలేయనా, రెండూ ఉంచనా అని. కుర్రాడు రెండూ చూసుకుని సరైనదనిపించింది ఉంచేవాడు. స్క్రిప్టు కూడా అలాగే అడుగుతుందని నాకు ఎక్కడో ఒక నమ్మకం. పైథాన్‌తో పాటు వచ్చే షుటిల్ లైబ్రరీలోని కాపీ ఎవర్నీ అడగదు. అదే పేరుతో ఫైల్ ఉంటే దాని మీదే నిశ్శబ్దంగా రాసేస్తుంది. స్క్రిప్టు 'ఏ' ఫోల్డర్ ముందు తిరిగింది, 'బీ' తర్వాత తిరిగింది. రెండింట్లోనూ ఉన్న నంబర్లలో లిస్టులో పడ్డవి 118. ఆ 118కీ 'ఏ' ఫోటో ముందు వచ్చి కూర్చుంది, 'బీ' ఫోటో వచ్చి దాని మీద కూర్చుంది. 310కి 118 కలిపితే 428, స్క్రిప్టు చెప్పింది అక్షరాలా నిజం. ఫోల్డర్‌లో 310 మిగలడమూ నిజమే. నేను చూసింది రెండో నిజం ఒక్కటే. 310 కాకుండా 309 వచ్చి ఉంటే ఆ రాత్రే పట్టుకునేవాణ్ణి.

ఇక్కడ ఒక అదృష్టం చెప్పుకోవాలి. స్థలం కలిసొస్తుందని మొదట కాపీ బదులు మూవ్ అని రాద్దామనుకున్నాను. షుటిల్‌లో మూవ్‌కి గమ్యంగా ఫోల్డర్ పేరు మాత్రమే ఇస్తే, అదే పేరుతో ఫైల్ ఉన్నప్పుడు ఎర్రర్ చెప్పి ఆగుతుంది. కానీ నేను రాసినట్టు ఫైల్ పేరుతో సహా పూర్తి దారి ఇస్తే ఆగదు. పాతదాని మీద రాసి, తెచ్చిన చోట ఉన్నదాన్ని తుడిచేస్తుంది. 'ఏ' కెమెరా ఫోటోలు 118 హార్డ్‌డిస్క్‌లోంచి పోయేవి. కార్డులు ఫోటోగ్రాఫర్ ఫార్మాట్ చేసి అప్పటికే ఇంకో పెళ్ళికి పట్టుకెళ్ళాడు.

ఆ 118లో పెళ్ళివారు కోరుకున్నది 'ఏ' కెమెరాదో 'బీ' కెమెరాదో మేం చెప్పలేం. నోటుబుక్కులో ఒట్టి నంబర్లే ఉన్నాయి. అందుకని ఇంకో చిన్న స్క్రిప్టు రాసి, ప్రతి నంబరుకీ ఎడమవైపు 'ఏ' ఫోటో, కుడివైపు 'బీ' ఫోటో వచ్చేలా పేజీలు తయారుచేశాను. లాప్‌టాప్ పట్టుకుని టెక్కలి బస్సెక్కాను. పెళ్ళికూతురి తండ్రీ, వాళ్ళ అన్నగారూ పక్కపక్కన కూర్చుని టిక్కులు పెట్టారు. నలభై నిమిషాలు. 63 చోట్ల ఎడమది, 51 చోట్ల కుడిది, నాలుగు చోట్ల రెండూ. ఆ నాలుగూ ఏమిటో చూస్తే, మా కుర్రాడు పొరపాటని కొట్టేసిన జంట నంబర్లే. వాళ్ళు పొరపాటు పడలేదు. టీవీలో 9120 అన్న ఫోటోలు రెండు చూశారు, రెండూ నచ్చాయి, రెండుసార్లు రాశారు. మాకు అర్థం కాని ఆధారాన్ని మేమే పెన్నుతో గీత కొట్టేశాం.

63కి నాలుగు కలిపి 67 ఫోటోలు ఆల్బమ్‌లోకి రానేలేదు. షీట్లలో సగానికి పైగా మళ్ళీ కట్టాల్సి వచ్చింది. రెండు రాత్రులు. అన్నిటికంటే ఆశ్చర్యం, నేను లేచి వస్తుంటే పెద్దాయన అన్న మాట: "ఆ వంటోళ్ళ ఫోటో కూడా ఉండనీ బాబూ, పొగ బాగా వచ్చింది."

అసలు మరమ్మతు సెలక్షన్ దగ్గర కాదు, ఇంకా ముందర అని తిరుగు బస్సులో అనిపించింది. పెన్‌డ్రైవ్ వాళ్ళ చేతికి ఇచ్చే ముందే ఒక నంబరుకి ఒకే ఫోటో ఉండాలి. అందుకని రాసిన కొత్త స్క్రిప్టు కార్డులు మా దగ్గరికి వచ్చిన రోజే నడుస్తుంది. కెమెరా ఫోల్డర్లని ముట్టుకోదు, పేర్లు మార్చదు. అన్ని ఫోటోలనీ వేరే డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లోకి కొత్త పేరుతో కాపీ చేస్తుంది. కొత్త పేరు ఐదంకెలు, చివర కెమెరా అక్షరం. 00001 నుంచి మొదలు. ముందు సున్నాలు లేకపోతే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చునే చోట్లు ఉంటాయి, ల్యాబ్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ అలాంటిదే.

గమ్యం ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లో పెట్టడానికీ కారణం ఉంది. మొదట దాన్ని పెళ్ళి ఫోల్డర్ లోపలే పెట్టాను. స్క్రిప్టు ఫోల్డర్లన్నీ తిరుగుతూ తిరుగుతూ తను ఇప్పుడే నింపిన ఫోల్డర్‌లోకీ వెళ్ళి, తను వేసిన ఫోటోలనే కొత్త ఫోటోలనుకుని మళ్ళీ కొత్త నంబర్లు ఇచ్చి కాపీ చేయడం మొదలుపెట్టింది.

వరసకి ఏది ఆధారం? ఫైల్ మార్చిన తేదీని పట్టుకుందామనుకున్నాను. షుటిల్‌లో మామూలు కాపీ వాడితే ఆ తేదీ ఇవాల్టిది అయిపోతుంది, కాపీ2 అని వాడితే పాత తేదీ నిలుస్తుంది. అయినా దాన్నీ నమ్మలేం, ఫోటోలు మా దాకా వచ్చేలోపు ఎన్ని చేతులు మారతాయో. ఫోటో లోపలే ఎగ్జిఫ్ సమాచారంలో షట్టర్ నొక్కిన సమయం ఉంటుంది. కాపీ చేసినా, పేరు మార్చినా అది చెక్కుచెదరదు. పిల్లో అనే లైబ్రరీతో దాన్ని చదివి వరస పెట్టాను.

వరస పెట్టగానే పెళ్ళి తారుమారైంది. మూడు ముళ్ళూ పడిపోయాక పెళ్ళికొడుకు సూత్రం చేతిలోకి తీసుకుంటున్నాడు. కెమెరాల గడియారాలు కలవలేదు. 'ఏ' కెమెరాని ఆధారంగా పెట్టుకుని, మూడింట్లోనూ పడ్డ ఒకే క్షణం కోసం వెతికాం. జీలకర్ర బెల్లం దగ్గర అడ్డుతెర తీసే క్షణం దొరికింది. తెర సగం దిగి ఉన్న ఫోటో మూడు కెమెరాల్లోనూ ఉంది. బీ గడియారం 7 నిమిషాల 40 సెకన్లు ముందుంది. సీలో ఉదయం సాయంత్రం తారుమారై సరిగ్గా 12 గంటలు వెనక ఉంది. ఆ తేడాలు స్క్రిప్టులో కెమెరాకొకటి చొప్పున రాసుకున్నాను. ఇప్పుడు ఫోటోగ్రాఫర్లకి ఒకటే చెప్తున్నాం, పని మొదలెట్టే ముందు అందరూ ఒకే ఫోన్‌లోని గడియారాన్ని ఒక్కో ఫోటో తీయండి అని. సగం మంది తీస్తారు, సగం మంది మర్చిపోతారు. మర్చిపోయినప్పుడు అడ్డుతెర ఉండనే ఉంది.

ఒకే సెకనులో ఐదారు ఫోటోలు తీసినప్పుడు పాత నంబరు ప్రకారం వరస పెట్టమన్నాను. 'ఏ' కెమెరా 9999 దాటిన క్షణంలో మాత్రం 0001 ముందుకీ 9999 వెనక్కీ వచ్చింది. తలంబ్రాల ఫోటోలు రెండు అటూ ఇటూ అయ్యాయి. దాన్ని వదిలేశాను.

ఈ స్క్రిప్టు మామూలుగా నడిపితే ఏమీ కాపీ చేయదు. ఏ ఫైల్ ఏ పేరుతో ఎక్కడికి వెళ్తుందో మొత్తం లిస్టు తయారుచేసి, ఎక్సెల్‌లో తెరుచుకునేలా ఇస్తుంది. అందులో కొత్త పేరు ఏదైనా రెండుసార్లు వస్తే అక్కడే ఆగుతుంది. మేం కళ్ళతో చూసి, వెళ్ళు అన్న మాట చేర్చి నడిపితేనే కాపీ మొదలవుతుంది. ప్రతి కాపీకి ముందు గమ్యంలో అదే పేరుతో ఫైల్ ఉందా అని చూస్తుంది, ఉంటే మొత్తం పని ఆపేస్తుంది. చివర ప్రతి ఫైల్ సైజునీ పాతదానితో పోల్చుతుంది. ఆ ఎక్సెల్ షీటు ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా ఉంచుతాం. పెళ్ళివారు 02417 అంటే అది ఏ కెమెరాలో ఏ పాత పేరుతో ఉందో, దాని రా ఫైల్, అంటే కెమెరా రాసిన ముడి ఫైల్, ఎక్కడుందో అందులోనే దొరుకుతుంది. మొదటి స్క్రిప్టు ముప్ఫై లైన్లు, ఇది నూట ఇరవై. పెరిగిన తొంభైలో కాపీ చేసే లైను ఒక్కటీ లేదు, చాలావరకు ఆగడానికీ అడగడానికీ రాసినవే.

మొన్న బొబ్బిలి పెళ్ళి ఫోటోలు వచ్చాయి. నేను వైజాగ్‌లో ల్యాబ్ దగ్గర ఉన్నాను. షాపులో కుర్రాడు ఒకసారి నడిపి, మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, మళ్ళీ వచ్చాక రెండోసారి నడిపాడు. కంగారుగా ఫోన్ చేశాడు.

"అన్నా, 00001 ముందే ఉందంటూ ఆగిపోయిందన్నా. పాతవన్నీ డిలీట్ కొట్టేసి మళ్ళీ నడిపీనా?"

"ఏదీ కొట్టకు, అలాగే వదిలెయ్. సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నాను. కరెంటు పోయేసరికి 3,206 కాపీ అయ్యాయి. వాటిలో చివరిది సగమే రాసి ఉంది, సైజు తక్కువ. ఆ ఒక్కదాన్నీ తీసేసి, 03206 నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.